అట్టలో దాచిన ఆకులు

పుస్తకాలకు అట్టలు కట్టడం నా వృత్తి. పనికిరాని అచ్చుకాగితాలను పిండి జిగురుతో పొరలు పొరలుగా అంటించి, బరువు పెట్టి ఆరబెడితే గట్టి అట్ట అవుతుంది. లోపల ఏం రాసి ఉందో ఎవడూ చూడడు. లోకం కూడా అంతే లెండి, పైపై మెరుగులు చూసి దండం పెడుతుంది.

మా బావ, అంటే అక్క మొగుడు, బడిపంతులు. ఆరేళ్ల కిందట సర్కారు అనుమతి అడక్కుండా ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. ఏ మనిషీ ఇంకో మనిషి సొత్తు కాదనీ, ఒప్పుకోనివాడి మీద రాజుకైనా పెత్తనం లేదనీ అందులో వాదన. ఇంకేం, కొరివితో తల గోక్కున్నట్టయింది. ఆయన్ని జైల్లో వేశారు. ఆ పుస్తకం కుట్టింది నేనే కనుక, ప్రతులన్నీ కాల్చమని నాకే హుకుం వచ్చింది. అధికారి పక్కన నిలబడి చూస్తుండగా కాల్చాను. భయపడ్డాను, అబద్ధమెందుకు?

ఆ పుస్తకంలోని కాగితాలు, పన్నెండు ఆకులు మాత్రం బల్ల కింద మిగిలిపోయాయి. ఇంట్లో ఉంచితే కొంప మునుగుతుంది. అప్పుడు నా చేతిలో ఉన్న పని ఆ అధికారి కార్యాలయపు చట్టాల పుస్తకమే. దాని అట్టలోనే వాటిని అంటించి పంపేశాను.

ఈలోగా అక్క పోయింది. బావ తప్ప నాకెవరూ లేరు. ఆయన రాగానే ఆయన మాటలు ఆయన చేతిలో పెట్టాలని, ఆరేళ్లూ అదొక్కటే అనుకున్నాను.

మొన్న బావ విడుదలయ్యాడు. ఆ వారంలోనే చట్టాల పుస్తకం కుట్లూడి, బాగుచేయమని నా దగ్గరికే వచ్చింది. నా కాళ్లు నేల మీద నిలవలేదు. అట్ట విప్పి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఒక్కో పొరా ఊడదీసి ఆరబెట్టాను. బావకు కబురు పెట్టాను.

ఆయన బాగా చిక్కిపోయాడు. మొదటి ఆకు చివరిదాకా చదివాడు. తరవాత అన్నీ దొంతి పెట్టి నావైపు నెట్టాడు.

"ఇవి నావి కావురా."

"నీవి కాకపోతే మా తాతగారివా బావా?" అన్నాను, వేళాకోళం అనుకుని.

"నేను రాయలేదని సంతకం పెడితేనే వదిలారు. ఇవి రాసిన చేత్తోనే పెట్టాను. ఇక వీటిని ఏ మొహంతో తీసుకోను?"

కోపం తన్నుకొచ్చింది. ఇందుకేనా దాచింది అని అరవబోయాను. కానీ మిగతావన్నీ కాల్చిన చేతులు నావి. ఏదైనా తిని వెళ్లమన్నాను. పనుందన్నాడు. జైలు నుంచి వచ్చినవాడికి పనేముంటుంది?

ఆయన వెళ్లాక ఆకులన్నీ వరసగా చదివాను. కుట్టడమే తప్ప చదవడం నాకు అలవాటు లేదు. చాలా బాగా రాశాడు. ఆ మాట చెబుదామంటే పక్కన ఎవరూ లేరు.