తలుపుకి చెప్పిన మాటలు

యూనిట్‌లో అందరూ ఆ డైరెక్టర్ని వెనకాల "మళ్ళీగారు" అనేవాళ్ళు. షూటింగులో ఆయన నోటి నుంచి వచ్చే మాటల్లో పదింట తొమ్మిది అదే మరి. మొహంలో కాస్త నటన కనపడితే చాలు, మళ్ళీ. కంట్లో తడి మెరిస్తే, మళ్ళీ. ఇరవై, ముప్ఫై, నలభై సార్లు చెప్పించి, చెప్పేవాడికి విసుగు పుట్టి, ఆ విసుగు కూడా అరిగిపోయి, మాట ఒట్టి మాటగా మిగిలినప్పుడు తల ఊపేవాడు. ఆయన సినిమాల్లో పాటలుండవు, వెనకాల సంగీతం ఉండదు, ఎవరూ నవ్వరు, ఎవరూ ఏడవరు. చూడ్డానికి వచ్చిన పాతిక మందిలో పది మంది కునుకు తీస్తారు. మిగతావాళ్ళు బయటికొచ్చి అద్భుతం అంటారు. ఆ పది మందీ కూడా అద్భుతమనే అంటారు, అది వేరే సంగతి.

ఆయనకి ఇంకో అలవాటుంది. షాట్ మొదలయ్యే ముందు జేబులోంచి దూది తీసి రెండు చెవుల్లోనూ కుక్కుకునేవాడు. మాట వింటే మనసు మెత్తబడిపోతుందట. మొహం అబద్ధమాడుతోందో లేదో మాట వినకుండా చూస్తేనే తెలుస్తుందట. మాటల సంగతి చూసుకోడానికి సౌండు రికార్డు చేసే ఆవిడ ఎలాగూ ఉంది. అది చాలదన్నట్టు, ప్రతి సీనుకీ మొదటి పది టేకులూ ఆ సాయంత్రమే చెరిపేయించేవాడు. ఉంచితే ఎడిటింగులో ఎవరో ఒకరు "అబ్బ, ఈ ఏడుపు ఎంత బాగుందో" అని దాన్ని పట్టుకుని వేలాడతారని ఆయన భయం. ఆయనతో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నవాళ్ళకి ఈ రెండూ ఎంత మామూలైపోయాయంటే, కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్పాలని కూడా ఎవరికీ తోచేది కాదు.

ఈసారి ఆయన ఎత్తుకున్నది ఆరేడు వందల ఏళ్ళ నాటి కోట కథ. శత్రువులు కోటని చుట్టుముట్టారు. ఏడు రోజులపాటు ఎవరొచ్చినా తలుపు తీయొద్దని రాజు ఆజ్ఞ. తలుపు దగ్గర కాపలా కాసేవాడు అన్న. బయట యుద్ధంలో దెబ్బతిని, పాక్కుంటూ తలుపు దాకా వచ్చినవాడు సొంత తమ్ముడు. తమ్ముడు బయటి నుంచి పిలుస్తాడు, అన్న లోపలి నుంచి పలుకుతాడు, గడియ మాత్రం తీయడు. మూడో రోజుకి బయట గొంతు ఆగిపోతుంది. జనం చెప్పుకునే కథలో ఆ అన్న కన్నీళ్ళకి ఇనప గడియ కరిగిపోతుంది. మళ్ళీగారు ఆ కరగడాలూ గట్రా అన్నీ కొట్టిపారేశాడు. మిగిలింది ఒక తలుపు, ఇద్దరు మనుషులు, అన్న చెప్పే నాలుగు ముక్కలు: "తమ్ముడూ. నేనిక్కడే ఉన్నాను. తలుపు తీయను. రాజాజ్ఞ."

కాపలావాడి వేషానికి నటులెవరూ వద్దన్నాడు. గడియ మీద చెయ్యి వేస్తే ఆ చేతికి గడియ సంగతి తెలిసుండాలట. కమ్మరుల్నీ, వడ్రంగుల్నీ, రిటైరైన పోలీసుల్నీ డెబ్భై మందిని పిలిచి చూశాడు. ఒక్కరూ కంటికి ఆనలేదు. నిజానికి అలాంటి చేతులు ఎవరికున్నాయో ఆయనకి మొదట్నుంచీ తెలుసు. నెల్లాళ్ళు తనలో తను కొట్టుకులాడి, చివరికి సిగ్గు చంపుకుని వదినకి ఫోన్ చేశాడు. అన్నయ్యకి బజారులో తాళాలు బాగుచేసే కొట్టుంది.

"తొమ్మిదేళ్ళుగా మీ ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు గుర్తొచ్చాడా అన్నయ్య, అదీ సినిమా కోసం?" అంది వదిన.

"ఆ చేతుల కోసం వదినా."

"చేతులంట చేతులు! మనిషి అక్కర్లేదు గానీ ఆయన చేతులు కావాలి. చాల్లే సంబడం," అని కడుపారా తిట్టి, "అడిగి చూస్తాను. ఒప్పుకుంటాడని ఆశపెట్టుకోకు," అంది.

గంట తిరక్కముందే ఆవిడే ఫోన్ చేసింది. ఆయన ఒప్పుకున్నాడని చెబుతుంటే ఆవిడ గొంతులోనే నమ్మకం లేదు. సీనేమిటని అడిగాడట. తలుపుకి ఇటుపక్క నిలబడి, అటుపక్కనున్న తమ్ముడితో మాట్లాడ్డమని చెప్పిందట. వస్తానని చెప్పమన్నాడట.

ఆ తొమ్మిదేళ్ళ వెనక ఉన్నది కూడా ఒక తలుపే. అమ్మ మంచం పట్టినప్పుడు ఈయన ఎక్కడో కొండల్లో షూటింగులో ఉన్నాడు. రెండు రోజుల్లో వస్తానని నాలుగుసార్లు చెప్పాడు. వచ్చేసరికి అంతా అయిపోయి ఒక రోజు గడిచింది. తలుపు కొడితే అన్నయ్య తీయలేదు. లోపలి నుంచే, "అమ్మ నిన్ను ఒక్కసారి కూడా అడగలేదు. పో," అన్నాడు. ఈయన వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. అన్నయ్య మీద కోపం రెండు మూడేళ్ళలో చల్లారింది గానీ, అమ్మ అడగలేదన్న మాట మాత్రం ముల్లులా లోపలే ఉండిపోయింది. అంతకుముందు ఆయన సినిమాల్లో అప్పుడప్పుడూ ఎవరో ఒకరు ఏడ్చేవాళ్ళు.

పాత గోడౌనులో కోట తలుపు కట్టారు. అన్నయ్య పొద్దున్నే బస్సు దిగి, చేతిలో టిఫిన్ డబ్బాతో వచ్చాడు. ముందు ఆ గడియని అటూ ఇటూ ఊపి, "ఇది సరిగ్గా పట్టదు, అరంగుళం పైకి జరపాలి," అని, సుత్తి అడిగి తనే సరిచేశాడు. ఆ తర్వాత తమ్ముణ్ణి చూశాడు.

"బాగున్నావా?"

"బాగున్నా."

తొమ్మిదేళ్ళ తర్వాత ఇద్దరికీ దొరికిన మాటలు అవే. వేషం వేశారు. ఎక్కడ నిలబడాలో చూపించారు. అన్నయ్య తలుపు వైపు తిరిగి నిలబడ్డాడు. కెమెరా పక్క నుంచి ఆయన మొహాన్ని చూస్తోంది. పది అడుగుల వెనక, చిన్న తెర ముందు మళ్ళీగారు చెవుల్లో దూది కుక్కుకుని కూర్చున్నాడు.

మొదటి టేకు. అన్నయ్య గడియ మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి చూడగానే మళ్ళీగారికి ప్రాణం లేచొచ్చింది. సినిమా దక్కిందనుకున్నాడు. పెదాలు కదిలాయి. నాలుగు ముక్కలకి పట్టేంత సేపు దాటిపోయినా ఇంకా కదులుతూనే ఉన్నాయి. పాఠం మర్చిపోయాడు కాబోలు అనుకున్నాడు. ఇంతలో అన్నయ్య గడ్డం వణికింది, కళ్ళల్లోంచి నీళ్ళు జారి మీసంలోకి దిగాయి. అన్నయ్య ఏడవడం ఆయన పుట్టి బుద్ధెరిగి చూడలేదు. నాన్న పోయినప్పుడు కూడా చూడలేదు. కానీ ఆ క్షణాన తెర మీద ఆయనకి కనపడుతున్నది అన్నయ్య కాదు, కాపలావాడు. కాపలావాడు ఏడవకూడదు.

"కట్. మళ్ళీ," అన్నాడు, దూది తీయకుండానే. "ఏడుపొద్దు. కాగితంలో ఉన్న నాలుగు ముక్కలే చాలు."

అన్నయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఏదో అడుగుతున్నట్టు చాలాసేపు చూశాడు. కొత్తవాళ్ళందరూ అలాగే బిత్తరపోతారులే అనుకున్నాడు తమ్ముడు. అన్నయ్య అరచేత్తో మొహం తుడుచుకుని మళ్ళీ తలుపు వైపు తిరిగాడు.

రెండో టేకు నుంచి నాలుగు ముక్కలే చెప్పాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మళ్ళీ. రెప్ప కొట్టుకుంది, మళ్ళీ. మధ్యాహ్నం భోజనాలయ్యాక కూడా మళ్ళీ. ఎన్నిసార్లు చెప్పించినా అన్నయ్య విసుక్కోలేదు, ఎదురు మాట్లాడలేదు. నలభై ఒకటో టేకులో ఆ మొహంలో ఇంకేమీ లేదు. మళ్ళీగారు కుర్చీలోంచి లేచి వెళ్ళి ఆ చేతులు పట్టుకున్నాడు.

"సరిపోయిందా?" అన్నాడు అన్నయ్య.

"సరిగ్గా సరిపోయిందన్నయ్యా."

అన్నయ్య డబ్బా తీసుకుని బస్సెక్కాడు. సాయంత్రం రూలు ప్రకారం మొదటి పది టేకులూ చెరిపేశారు. మనసులో ఎక్కడో, అన్నదమ్ములిద్దరూ ఒక రోజంతా కలిసి పనిచేశాం, ఇక మెల్లగా రాకపోకలు మొదలవుతాయని ఆయన సంబరపడ్డాడు. రెండు వారాలాగి ఫోన్ చేస్తే వదిన ఎత్తి, "ఆయన కొట్టుకెళ్ళాడు," అంది. ఆ తర్వాత ఎప్పుడు చేసినా కొట్టులోనే ఉన్నాడు.

నాలుగు నెలలకి సినిమా చివరి పనులకొచ్చింది. ఒక రోజు సౌండు గదిలో, ఆ సీను పూర్తయ్యాక, సౌండు రికార్డు చేసే ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుంది.

"సార్, మీరు ఒప్పుకోరని తెలుసు గానీ, ఆ మొదటి టేకు చెరిపేసినందుకు నా ప్రాణం ఇంకా కొట్టుకుంటూనే ఉంది."

"ఏ మొదటి టేకు?"

"మీ అన్నయ్యగారిదే. కథలో లేని తల్లిని తెచ్చిపెట్టారు చూడండి! అప్పటికప్పుడు ఎంత బాగా కల్పించారో."

ఆయన చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. "ఏ తల్లి?"

ఆవిడ తన నోటు పుస్తకం తిరగేసింది. అందులో "టేకు ఒకటి, డైలాగు మారింది" అని తప్ప ఇంకేమీ లేదు. కానీ ఆవిడకి మాటలన్నీ గుర్తున్నాయి.

"'తమ్ముడూ, నేనిక్కడే ఉన్నాను. ఆ రోజు తలుపు తీయాల్సిందిరా. అమ్మ నిన్ను అడగలేదని కోపంలో అబద్ధం చెప్పాను. తలుపు చప్పుడైతే చాలు, చిట్టోడేనా అనేది. గాలికి కొట్టుకున్నా సరే, చిట్టోడేనా అనేది. నాది తప్పురా' అన్నారు. ఆ 'చిట్టోడేనా' అనేటప్పుడు ఆయన గొంతు పూర్తిగా మారిపోయింది సార్. ఎవరో పెద్దావిడ వచ్చి పక్కన నిలబడి అడిగినట్టే ఉంది. ఒళ్ళు జలదరించింది నాకు. చెరిపేముందు రెండుసార్లు విన్నాను. ఇంతకీ ఆ చిట్టోడు ఎవరో గానీ..."

ఆ చిట్టోడు ఆవిడ ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. కాపీ ఎక్కడైనా ఉందా అని అడిగాడు.

"మీ రూలు కదా సార్. నా చేత్తో నేనే చెరిపాను," అంది ఆవిడ. అప్పుడు ఆయన మొహం చూసి, అది కల్పన కాదని ఆవిడకి అర్థమైంది. రెండు రోజులు ఇద్దరూ కలిసి డిస్కులన్నీ గాలించారు. పదిహేనేళ్ళుగా తన మాట తు.చ. తప్పకుండా పాటించిన మనుషుల మీద ఆయనకి జీవితంలో మొదటిసారి కోపమొచ్చింది. ఒక్కళ్ళయినా తన మాట వినకుండా ఉంటే ఎంత బాగుండేది! ఎక్కడా ఏమీ దొరకలేదు.

మూడో రోజు మధ్యాహ్నం బజారుకెళ్ళాడు. కొట్టంటే ఒక బల్ల, గోడ నిండా మేకులకి వేలాడే తాళం చెవులు, రెండు స్టూళ్ళు. అన్నయ్య కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని, ఆకురాయితో ఒక తాళం చెవి పళ్ళు సానపెడుతున్నాడు. తలెత్తి చూసి, "రా," అన్నాడు.

"అన్నయ్యా, నేను వినలేదు."

"ఏంటి వినలేదు?"

"ఆ రోజు తలుపు దగ్గర నువ్వన్నది. నా చెవుల్లో దూది ఉంది. ఎప్పుడూ పెట్టుకుంటాను, మొహం సరిగ్గా చూడాలని..." ఇన్నేళ్ళూ గొప్పగా చెప్పుకున్న సిద్ధాంతం ఆ బల్ల ముందు ఎంత తెలివితక్కువగా ఉందో ఆయనకే వినపడింది.

అన్నయ్య ఆకురాయి పక్కన పెట్టాడు.

"విన్నావనుకున్నాన్రా. నీ ఎదురుగా చెప్పే మొహం లేదు నాకు. తలుపుకి చెబితే వెనకాల నువ్వు వింటావు కదా అని వచ్చాను. లేకపోతే నాకు సినిమా ఏంటి? మొత్తం చెప్పేశాను. నువ్వేమో ఏడుపొద్దు, మళ్ళీ అన్నావు." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "విని కూడా అలా అన్నావంటే నీకిక అక్కర్లేదు కాబోలు అనుకున్నాను. నాకిదే తగిన శాస్తిలే అని, నువ్వు చెప్పమన్నన్నిసార్లు చెప్పాను."

తమ్ముడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఇప్పుడు చెప్పన్నయ్యా. వింటాను," అన్నాడు.

అన్నయ్య చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. డాక్టరు ఏమన్నాడు, అమ్మ చివరి వారం ఎలా గడిచింది, తలుపు వైపే మొహం పెట్టి పడుకోవడానికి మంచం ఎలా తిప్పించుకుంది, అన్నీ వరసగా చెప్పాడు. తను ఎందుకు అబద్ధమాడాడో కూడా చెప్పాడు. మంచం పక్కన ఉన్నది తనైతే, అడిగేది వాణ్ణా అని ఒళ్ళు మండిందట. తమ్ముడు గుడ్ల నీళ్ళు కుక్కుకుంటూ విన్నాడు. అమ్మ తనని అడిగింది. తొమ్మిదేళ్ళ ముల్లు ఊడిపోయింది.

"ఎలా అనేదన్నయ్యా? అమ్మ అన్నట్టే ఒక్కసారి అను."

"చిట్టోడేనా," అన్నాడు అన్నయ్య.

ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి గురించి అడిగినట్టుంది. అన్నయ్యకే నచ్చలేదు. గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకుని ఇంకోసారి అన్నాడు. కాస్త సాగదీసి అన్నాడు. ఆఖర్న గొంతు తగ్గించి అన్నాడు. ప్రతిసారీ వచ్చింది గడియ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ ఆ కాపలావాడి గొంతే, ఎండిపోయి, నున్నగా. దాన్ని అంత నున్నగా చేసింది ఎవరో తమ్ముడికి బాగా తెలుసు.

"రావట్లేదురా," అన్నాడు అన్నయ్య కళ్ళు తెరిచి. "ఆ రోజు నేను అనుకుని అనలేదు. దానంతటదే వచ్చేసింది. అమ్మే అన్నట్టు నాకే భయమేసింది."

"నేను ముందే రావాల్సిందన్నయ్యా. అమ్మ ఉండగానే రావాల్సింది."

"రావాల్సింది," అన్నాడు అన్నయ్య. ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచాడు. "ఆ రోజు నువ్వు వినుంటే బాగుండేదిరా. ఆ గొంతు నీ కోసమే వచ్చింది."