నూట పదో ఫైలు, మొదటి వరుస

కర్సర్ కదలడం లేదు.

సూరత్ దగ్గర జోల్వా మిల్లు ఆఫీసులో బల్ల మీద వినోద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. ఆదేశాలు టైపు చేసే నల్లటి టెర్మినల్‌లో ఒకే ఒక్క ఫైలు పేరు పడి, పని అక్కడే ఆగిపోయింది. ఇంకా నూట ముప్పై తొమ్మిది ఫైళ్లు మిగిలి ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ దక్షాబెన్ గోడ గడియారం వైపు చూసింది. పదకొండూ నలభై. పన్నెండుకు లేస్తానని, ఆలోపు ఏమీ తేలకపోతే తన చేతిలోని కాగితాన్ని బట్టే నిర్ణయం రాస్తానని ఆమె ముందే చెప్పింది.

ఆ కాగితం వినోద తండ్రి మెడకు చుట్టుకుంది.

తండ్రి లింగం ఈ మిల్లులో జాబర్. చెడిపోయిన సాంచెలను, అంటే మరమగ్గాలను, బాగుచేసేది ఆయనే. నూలు చుట్టిన బరువైన బీములను చైన్‌కప్పీతో ఎత్తి సాంచెల మీదికి చేర్చేదీ ఆయనే. పది రోజుల కింద కప్పీ కొక్కెం విరిగి, బీము తోటి కార్మికుడు మల్లేష్ కాలు మీద పడింది. ఎముక రెండు చోట్ల విరిగింది. కొక్కెం ఎప్పుడో అరిగిపోయిందన్నాడు లింగం. సలాబత్‌పురాలోని టెస్టింగ్ ల్యాబ్ కాగితం మాత్రం వేరే కథ చెప్పింది. జనవరిలో పరీక్ష చేశాం, కొక్కెం బాగుంది, ఎంత బరువు ఎత్తాలో లింగానికి దగ్గరుండి చెప్పాం అని. జనవరి నాటి ఆ కాగితం మిల్లుకు చేరింది మాత్రం ప్రమాదం జరిగాకే. దాన్ని నమ్మితే మల్లేష్ కాలు విరగ్గొట్టింది లింగమే. ఉద్యోగం పోవడం సరే, పోలీసు కేసు కూడా తప్పదు.

ఇందులో ఇంకో ముడి ఉంది. ఆ ల్యాబులో రిపోర్టులన్నీ టైపు చేసేది వినోదే. కొక్కెం అరిగింది, వాడకూడదు అని తానే రాసినట్టు ఆమెకు బాగా గుర్తు. కానీ లింగం బిడ్డ మాటను ఎవరు నమ్ముతారు?

ల్యాబ్ ఇంజినీర్ ఓంకార్ కిటికీ పక్కన కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. హైదరాబాద్ నుంచి సూరత్ వచ్చి మూడేళ్లయింది. రిపోర్టుల మీద సంతకం ఆయనదే. ఏడాది రిపోర్టులన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి, కవరుకు సీలు పెట్టి దక్షాబెన్‌కు పంపిందీ ఆయనే. ఆమె దగ్గరున్న ప్రింటు చివరి పేజీ ఒక్కటే, దాని మీద నంబరు గానీ పరీక్ష తేదీ గానీ లేవు. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్ల పేర్లన్నీ ఒకటి నుంచి నూట నలభై దాకా వట్టి అంకెలు. కొక్కెం రిపోర్టు నంబరు తనకు గుర్తులేదన్నాడు ఓంకార్.

"ఒక్కోటి తెరిచి చూసుకో వినోదా," అన్నాడు నవ్వుతూ. "సాయంత్రానికల్లా అయిపోతుంది. పాపం, మేడమే అంతసేపు కూర్చోలేరు."

వినోద మౌస్ ముట్టుకోలేదు. ఆ ఫైళ్లన్నీ టెక్స్‌మాక్స్‌లో రాసినవి. లెక్కలు, సూత్రాలు పుస్తకంలో అచ్చయినంత చక్కగా రాసుకునే ఎడిటర్ అది. పైసా ఖర్చు లేదు. దాని విండో తెరవకుండానే, టెర్మినల్‌లో ఒక్క వాక్యం రాసి ఫైళ్లన్నిటినీ వరుసగా మామూలు అక్షరాల్లోకి మార్చమని చెప్పవచ్చు. చెప్పింది. మొదటి ఫైలు మారింది. రెండోది మొదలే కాలేదు.

"ఏంది బిడ్డా, కరాబైందా?" గోడకు ఆనుకుని నిలబడ్డ లింగం మెల్లగా అడిగాడు.

వినోద తను రాసిన వాక్యాన్ని మళ్లీ చదువుకుంది. మార్చమనే గుర్తు, ఒక గీత పక్కన సి, ఉంది. పనయ్యాక మూసేసి బయటికి రమ్మనే గుర్తు, గీత పక్కన క్యూ, లేదు. అందుకే ఎడిటర్ మొదటి ఫైలు ముగించి, తర్వాతి మాట కోసం బుద్ధిగా ఎదురుచూస్తోంది.

"లేదు బాపు. తలుపేసి రమ్మని చెప్పుడు మర్చిన."

ఆ గీతనూ అక్షరాన్నీ చేర్చి మళ్లీ నడిపింది. ఈసారి పేర్లు తెర మీద జలజలా రాలాయి. పది. నలభై. తొంభై. ఓంకార్ ఫోన్ చూసుకుంటున్నవాడు తలెత్తాడు. పదకొండూ యాభై ఒకటికి నూట నలభై ఫైళ్లూ మారిపోయాయి. జోల్వా, కొక్కెం, ఈ రెండు మాటలూ ఉన్నదాన్ని వెతకమంది వినోద. ఒకే ఒక్క జవాబు వచ్చింది. నూట పది.

పైకి చదివింది. పరీక్ష తేదీ జనవరి ఇరవై ఒకటి. సమయం ఉదయం పదకొండు. హాజరైనవారు, జాబర్ లింగం. ఫలితం, కొక్కెం బాగుంది.

"ఇరవై ఒకటా?" లింగం గోడ వదిలి ముందుకొచ్చాడు. తేదీ ఏమిటో ఇంతవరకూ ఆయనకు ఎవరూ చెప్పలేదు. "ఆ దినం మార్కండేయ జయంతి గదా. మా పద్మశాలోల్లు ఒక్కలు గూడ సాంచెల దిక్కు పోరు."

వినోద ఆ మాటను హిందీలో దక్షాబెన్‌కు చెబుతుండగానే లింగం ఫోన్ తీసి వీడియో పెట్టాడు. అమ్రోలిలో ఊరేగింపు. పల్లకీ కొమ్ము లింగం భుజం మీద ఉంది, పక్కనే మల్లేష్ చిందులేస్తున్నాడు. తేదీ జనవరి ఇరవై ఒకటి, సమయం పదకొండుకు రెండు నిమిషాలు తక్కువ. దక్షాబెన్ రెండుసార్లు చూసింది.

ఓంకార్ తడబడలేదు. తేదీ పొరపాటున పడి ఉంటుందన్నాడు. టైపు చేసేది వినోదే కదా, తండ్రిని బయట పడేయడానికి కావాలనే అబద్ధపు తేదీ వేసి ఉండవచ్చు కదా అన్నాడు. "సంతకం పెట్టేముందు ప్రతి అక్షరం నేను చూస్తానా మేడం?"

దక్షాబెన్ చూపు వినోద మీదికి మళ్లింది. ఆ చూపులో ఇందాకటి నమ్మకం లేదు. నాలుగు నిమిషాలున్నాయని గుర్తుచేసింది.

వినోద చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి. టెక్స్‌మాక్స్ ఫైలులో అందరికీ కనిపించని వరుస ఒకటుంటుంది. ఎడిటర్ విండోలో తెరిస్తే అది తెర మీదికి రాదు. టెర్మినల్ నుంచి చదివితే మొట్టమొదట అదే వస్తుంది. ఫైలును చివరిసారి భద్రపరిచింది ఏ వెర్షనో అందులో రాసి ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లోని అసలు ఫైళ్లన్నిటి మొదటి వరుసా చూపించమంది.

రెండు, ఒకటి, ఒకటి. రెండు, ఒకటి, ఒకటి. నూట ముప్పై తొమ్మిది ఫైళ్లలో అదే. నూట పదిలో మాత్రం రెండు, ఒకటి, నాలుగు.

ల్యాబు కంప్యూటర్లోనూ తన ల్యాప్‌టాప్‌లోనూ ఉన్నది పాత వెర్షనేనని, చేతికి అలవాటైందని మార్చలేదని వినోద చెప్పింది. తన కంప్యూటర్ వెర్షన్ అడిగి చూపించింది కూడా. రెండు, ఒకటి, ఒకటి. కొత్తది ల్యాబు మొత్తంలో ఒక్క మిషన్‌లోనే ఉంది. దాన్ని ఎక్కించింది తానే, సరిగ్గా నెల కింద. అంటే జనవరి రిపోర్టును ఈ నెల లోపే ఆ మిషన్‌లో తిరగరాశారు.

ఓంకార్ కాలు మీద కాలు తీసేశాడు.

"ఆ మిషన్ ఎక్కడుంది?" దక్షాబెన్ అడిగింది.

వినోద కిటికీ పక్కనున్న తోలు సంచీ వైపు చూపించింది. అందులో సొంత విషయాలున్నాయని ఓంకార్ గొణిగాడు. దక్షాబెన్ చెయ్యి చాపి అలాగే ఉంచింది. చివరికి ల్యాప్‌టాప్ బల్ల మీదికి వచ్చింది. వినోద అందులో టెర్మినల్ తెరిచి ఎడిటర్ పేరు, ఒక గీత, వి అక్షరం కొట్టి, తెరను దక్షాబెన్ వైపు తిప్పింది.

ఆమె కళ్లద్దాలు సవరించుకుని చదివింది. "రెండు. ఒకటి. నాలుగు."

పన్నెండైంది. దక్షాబెన్ లేవలేదు. చేతిలోని ప్రింటును పక్కకు నెట్టి, తెల్ల కాగితం ముందుకు లాక్కుంది. ఊహలు రికార్డులోకి ఎక్కవని, ఈ పని ఎవరు చేశారో పేరు స్పష్టంగా చెప్పమని అడిగింది.

వినోద లేచి నిలబడింది. రెండేళ్లుగా ఆ మనిషిని సార్ అనకుండా ఒక్క రోజూ పిలవలేదు. తండ్రి వైపు ఒకసారి చూసి, గది అంతా వినపడేలా చెప్పింది.

"అరిగిందని నేను రాసిన రిపోర్టు మిల్లుకు పంపలేదు. మల్లేషన్న కాలు విరిగినంక దాన్ని తిప్పి రాసి, తప్పు మా బాపు మీద వేసిండు. ఆయన పేరు ఓంకార్."