ఆదివారం సముద్రంలోకి దిగని తాబేలు

తాబేలుకి మతం ఉంటుందా అని ఎవరైనా అడిగితే, ఆ మంగళవారం పొద్దున్న కృపావతి ఉంటుందనే చెప్పేది. ఉండటమేమిటి, బాప్తిస్మం కూడా తీసుకుందని చెప్పేది. అంత మండిపోతూ ఉంది ఆవిడ.

అనకాపల్లి మెయిన్ రోడ్డులో రూఫస్ నడిపే నెట్ సెంటరుకి వచ్చి అప్పటికి గంటన్నర. అందులో గంట కరెంటు లేకుండానే పోయింది. మిగిలిన అరగంటలో కంప్యూటరు తెర మీద సముద్రం పటం పైనుంచి కిందికి వేలెడు వేలెడు చొప్పున దిగుతూ వచ్చింది. పెళ్ళికూతురి ముసుగు కూడా ఇంత తాపీగా తియ్యరు.

సముద్రపు తాబేళ్ళు ఎటునుంచి ఎటు వెళతాయో కనిపెట్టి, ఆ దారుల్లోకి మరబోట్లు రాకుండా ఆపించాలని ఒక ప్రాజెక్టు. దానికి అనకాపల్లిలో ఫీల్డు ఆఫీసరు కృపావతి. ఆఫీసంటే ఒక గది, ఒక బీరువా, ఒక ఫ్యాను. జనవరిలో రాజయ్యపేట ఒడ్డున గుడ్లు పెట్టడానికి వచ్చిన ఒక తాబేలు వీపుమీద సబ్బుపెట్టెంత యంత్రాన్ని జిగురుతో అంటించారు. తాబేలు ఊపిరి కోసం పైకి తేలినప్పుడల్లా ఆ పెట్టె ఆకాశంలో ఉపగ్రహానికి కబురు పంపుతుంది. ఆ జాడ ఈమెయిల్లో వస్తుంది. పటం మీద చుక్కలుగా కనబడుతుంది. ఆ తాబేలుకి కృపావతి ముచ్చటపడి తన కూతురి పేరే, షైనీ అని పెట్టుకుంది. కూతురు వారం రోజులు తల్లితో మాట్లాడలేదు. అది వేరే సంగతి.

మొదటి నెలంతా షైనీ బుద్ధిగానే ఉంది. ఒడ్డు పక్కనే కొన్నాళ్ళు, లోపల కొన్నాళ్ళు, తాబేలు తిరిగినట్టే తిరిగింది. ఫిబ్రవరి ఆఖర్లో దానికేదో పట్టింది. తెల్లవారుజామున నాలుగింటికి రాజయ్యపేట దగ్గర సముద్రంలోకి వెళుతుంది. పది పన్నెండు కిలోమీటర్లు లోపలికి పోతుంది. పదకొండు గంటలకల్లా అదే ఒడ్డుకి వచ్చేస్తుంది. మర్నాడు మళ్ళీ అంతే. ఇరవై ఎనిమిది రోజుల్నుంచి ఇదే వరస.

ఫోను మోగింది. హైదరాబాదు నుంచి ప్రాజెక్టు పెద్ద, డాక్టర్ త్రినాధరావు.

“కృపావతిగారూ, చూశారా? ఎంత క్రమశిక్షణ! ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ గమనించని ప్రవర్తన ఇది.”

“చూశాను సార్. అదే చెబుదామనుకుంటున్నాను. రోజూ పదకొండు దాటాక మర్నాడు తెల్లవారుజాము దాకా ఒడ్డుమీదే ఉంటోంది. ఈ ఎండలో. అలా ఉంటే అది తాబేలు కాదు సార్, ఉప్పుచేప.”

“ఉపగ్రహం చూపించే చోటుకి నాలుగైదు కిలోమీటర్ల తేడా మామూలే కదమ్మా. ఒడ్డు పక్కన నీళ్ళలో ఉంటుంది. మీరు చుక్కలు పంపండి చాలు, వాటి అర్థం మేం చూసుకుంటాం. ఢిల్లీ సదస్సుకి వ్యాసం కూడా పంపించేశాను.”

“పంపించేశారా!”

“శుభాకాంక్షలు చెప్పండి.”

కృపావతి చెప్పలేదు. ఆ మహానుభావుడు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాలుగోది చూపించబోతే చూపించినవాళ్ళకి లెక్కలు రావంటాడు. ఆయన సముద్రం చూసి ఎన్నేళ్ళయిందో ఆయనకే తెలియాలి.

ఫోను పెట్టేసి రూఫస్ టేబుల్ వెనక గోడ వంక చూసింది. అక్కడ చర్చి వాళ్ళ క్యాలెండరు వేలాడుతోంది. ఆదివారాలన్నీ ఎర్రరంగులో ఉన్నాయి. ఆవిడ చేతిలో కాగితం మీద షైనీ ఒడ్డు వదలని రోజులు అయిదున్నాయి. మార్చి రెండు, తొమ్మిది, పదహారు, ఇరవై ఒకటి, ఇరవై మూడు. రెండు ఆదివారం. తొమ్మిది ఆదివారం. పదహారు ఆదివారం. ఇరవై మూడు ఈస్టర్ పండగ. మరి ఇరవై ఒకటో? గుడ్ ఫ్రైడే.

రూఫస్ ఆవిడ భుజం మీంచి తొంగిచూశాడు. “ఏటక్కా, నీ తాబేలు మన సంఘంలో మెంబరేటి?” అన్నాడు. “గుడ్ ఫ్రైడేకి నువ్వే సగంలో లేసి ఎలిపోయేవు. అది ఉండిపోయింది సూడు.”

“నోర్ముయ్ రా,” అంది కృపావతి. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఎందుకంటే అప్పటికే ఆవిడకి విషయం అర్థమైపోయింది. పెట్టె తాబేలు మీద లేదు. పడవ మీద ఉంది. ఆ పడవ యజమాని ప్రతి ఆదివారం చర్చికి వెళతాడు. రాజయ్యపేటలో అలాంటి ఇళ్ళు ఏడే ఉన్నాయి. ఏడింటిలోనూ ఆవిడ టీ తాగింది.

నక్కపల్లి బస్సులో కూర్చోడానికి చోటు దొరకలేదు. అక్కణ్ణుంచి ఎక్కిన ఆటోలో డ్రైవరుతో కలిపి పదకొండు మంది, రెండు మంచు పెట్టెలు. దారి పొడుగునా ఆవిడ ఎవరిని తిట్టాలో వరస వేసుకుంటూనే ఉంది. పెట్టె దొంగిలించినవాడిని, త్రినాధరావుని, కరెంటు వాళ్ళని, తన కాలు తొక్కుతున్న మంచు పెట్టెవాణ్ణి. ఒడ్డుకి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది, ఇసక అట్లపెనంలా ఉంది. వెతకనక్కర్లేకుండానే దొరికింది. నీలంరంగు ఫైబరు పడవ ముందుభాగంలో నిలబెట్టిన వెదురుకి, నైలాను తాడుతో మూడు చుట్లు చుట్టి, యాంటెన్నా తీగ ఆకాశంలోకి ఉండేలా కట్టి ఉంది ప్రాజెక్టు వారి పెట్టె. తుడిచి పెట్టినట్టు శుభ్రంగా ఉంది.

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఎవడిదిరా ఈ పడవ?” అని అరిచింది. చదువుకున్నమ్మ అలా అరుస్తుందని తెలియని కుక్క ఒకటి లేచి దూరంగా పోయింది.

పడవ నీడలో వల బాగుచేసుకుంటున్న మనిషి లేచి నిలబడ్డాడు. జాన్ బాబు. జనవరిలో తాబేళ్ళ గురించి మీటింగు పెడితే అందరికంటే ముందొచ్చి, కుర్చీలు వేసి, చివరిదాకా కూర్చున్న జాన్ బాబు.

“ఏటి మేడమ్, సెప్పకుండా వచ్చేరు? ఎండకి మొకం సూడండి ఎలాగైపోయిందో. ఇలా నీడకి రండి.”

“నీడా లేదు గీడా లేదు. ఇది నీ పడవకెలా వచ్చింది? నా తాబేలేదీ?”

జాన్ బాబు తల దించుకున్నాడు. “సచ్చిపోయిందండి. మరబోటు వల్లో పడి ఊపిరాడక పోయినట్టుంది. సీకటినే ఒడ్డుకి కొట్టుకొచ్చింది. కుక్కలు సేరకముందే పెట్టె కత్తితో ఊడదీసి, దాన్ని ఆ సరుగుడు తోటలో పాతిపెట్టేను.”

కృపావతి పడవ అంచు పట్టుకుంది. ఇరవై ఎనిమిది రోజులుగా చచ్చిపోయిన తాబేలుకి క్రమశిక్షణ ఉందని మెచ్చుకుంటున్నాడు హైదరాబాదులో ఒకాయన. అయినా అప్పుడావిడకి వచ్చింది కోపం కాదు, ఏడుపు. ఆ తాబేలు గుడ్లు పెడుతున్నంతసేపూ పక్కనే కూర్చున్న మనిషి ఆవిడ. ఏడుపు దిగమింగుకోవడానికి మళ్ళీ కోపాన్నే పిలుచుకుంది.

“చస్తే నాకు ఫోను చెయ్యాలి కదా! నెంబరిచ్చాను కదా! పెట్టె తీసి పడవకి కట్టుకోమని ఎవరు చెప్పారు నీకు?”

“మీరే సెప్పేరు మేడమ్,” అన్నాడు జాన్ బాబు.

“నేనా!”

“మీటింగులో. సముద్రంలో ఎక్కడున్నా, తుపానొచ్చినా, పైనున్నోళ్ళు ఈ పెట్టెని సూత్తానే ఉంటారు, తప్పిపోడమన్న మాటే లేదు అన్నారు. ఆకాసం కనబడేటట్టు ఉండాలన్నారు. అందుకే ఎదురుకర్రకి కట్టేను. రోజూ గుడ్డెట్టి తుడుత్తన్నాను. పాడు సెయ్యలేదండి.”

నిజమే, ఆ మాటలు ఆవిడవే. గర్వంగా చెప్పింది, మైకులో చెప్పింది. కానీ తాబేలు గురించి చెప్పింది.

“మా తమ్ముడు సత్తియ్య మీకు తెల్దు,” అన్నాడు జాన్ బాబు. “రెండేళ్ళయింది, తుపానులో పోయేడు. ఆఫీసుకెల్లి ఎతకండి బాబూ అని కాళ్ళట్టుకున్నాను. ‘ఎక్కడ పోయేడో సెప్పు, ఎతుకుతాం’ అన్నారు. అది తెలిత్తే నేనే ఎల్లి తెచ్చుకోనా మేడమ్? అప్పట్నుంచి మా ఆడది నన్ను నీళ్ళలో కాలెట్టనివ్వలేదు. ఏడాదిన్నర మీ అనకాపల్లి బెల్లం మార్కెట్లోనే దిమ్మలు మోసేను. నడుం పోయింది. ఈ పెట్టె దొరికేక దానికి సూపించి, కృపావతి మేడమ్ అక్కడ కూకుని రోజూ సూత్తంటారే అని సెప్పేను. అప్పుడు ఎల్లనిచ్చింది.”

కృపావతి పెట్టె వంక చూసింది. రోజూ చూస్తుంటారట. రెండురోజులకోసారి, రూఫస్‌కి కరెంటుంటే, నిన్నటి చుక్క ఇవాళ చూస్తుంది. ఇతని పడవ మునిగిపోతే ఆ చుక్క పటం మీంచి మాయమౌతుంది, అంతే. ఆ మాట ఎవరికి చెప్పినా వెతకడానికి వెళ్ళేవాళ్ళు లేరు. త్రినాధరావుగారైతే తాబేలు లోతుకి మునక వేసిందని ఇంకో వ్యాసం రాస్తారు.

“జాన్ బాబూ,” అంది. “ఇది నిన్ను కాపాడదయ్యా. చూసేవాళ్ళు లేరు. చూసినా వచ్చేవాళ్ళు లేరు.”

“నాకు తెల్దేటి మేడమ్?” అన్నాడతను గొంతు తగ్గించి. “తమ్ముడప్పుడు సూసేను కదా. నాకు కాదండి ఈ పెట్టె, మా ఆడదానికి. దానికి మాత్రం సెప్పకండి. ఇది ఊడదీత్తే మళ్ళీ నన్ను ఎల్లనివ్వదు, మార్కెట్టుకెల్తే ఈ నడుంతో ఓ దిమ్మ కూడా ఎత్తలేను.”

అప్పుడే అతని భార్య చిన్నమ్మలు చెంబుతో నీళ్ళు, గిన్నెలో అన్నం, చేపల పులుసు పట్టుకొచ్చింది. కృపావతిని చూడగానే ముఖమంతా వెలుగైంది. చుట్టాలు వచ్చినా అలా వెలగదు.

“మా ఆయన్ని సూత్తన్నది మీరేనటండి! నిన్న పదకొండున్నరయిపోయింది, ఇంకా రాలేదని గుండె దడదడలాడింది. మేడమ్ గారు సూత్తన్నారులే అనుకుని ఊరుకున్నాను. తినండమ్మా. మీ కళ్ళు సల్లగుండాల.”

కృపావతి గిన్నె అందుకుని ముద్ద కలిపింది. నిన్న ఆదివారం కాదు, సోమవారం. నిన్నంతా కృపావతి ఇంట్లో పండగ గిన్నెలు తోముకుంది, కంప్యూటరు ముఖం చూడలేదు. చెప్పకూడదు. మాట కూడా ఇవ్వలేదు కానీ చెప్పకూడదు. పోనీ పెట్టె ఇక్కడే ఉంచేస్తే? దాన్లో బ్యాటరీ ఇంకో అయిదారు నెలలు వస్తుంది. ఈసారి నిజంగానే రోజూ చూస్తుంది, పొద్దున్నే రూఫస్‌ని నిద్రలేపి మరీ చూస్తుంది. చుక్క ఆగిపోతే ఏ ఆఫీసు ముందు కూర్చోవాలో, ఎవరి ప్రాణం తియ్యాలో ఆవిడకి తెలుసు. ‘ఎక్కడ పోయాడో చెప్పు’ అంటే ఈసారి చెప్పడానికి కాగితం ఉంటుంది. ఒక్క త్రినాధరావు ఒప్పుకుంటే చాలు. ఎలాగూ ఢిల్లీ వ్యాసం ఆపించాలి. చచ్చిన తాబేలు గురించి అబద్ధం అచ్చైతే, రేపు మరబోట్లను ఆపమని అడిగే ముఖం ఎవరికుంటుంది?

చెయ్యి కడుక్కుని ఫోను తీసింది. సిగ్నలు లేదు. పడవెక్కి, వెదురు పట్టుకుని నిలబడితే రెండు గీతలు వచ్చాయి.

“సార్, షైనీ చనిపోయింది సార్. నెల అయింది.”

“కాదే, ఇవాళ పొద్దున్న కూడా…”

“వినబడటం లేదు సార్. హలో! షైనీ కాదు సార్ అది! తాబేలు కాదు! మనిషి! మనిషి సార్! జాలరి! పెట్టె పడవ మీద ఉంది!”

అవతల త్రినాధరావు నిట్టూర్చాడు. పాపం, ఢిల్లీ పోయింది కదా.

“మనిషా? అయ్యో. మనిషైతే ఆ డేటా పనికిరాదమ్మా.”

“పనికొస్తుంది సార్! ఆ లైను అలాగే ఉంచండి. ఇక్కడ వాళ్ళకి… కొన్నాళ్ళు, బ్యాటరీ ఉన్నంతవరకూ. నేను రోజూ చూసుకుంటాను.”

“ఉపగ్రహం లైను తాబేళ్ళకిచ్చారు కృపావతిగారూ, జాలర్లకి కాదు. ఈ నెలాఖరుతో ఆపించేస్తాను. ముప్పై ఒకటికల్లా పెట్టె పంపించెయ్యండి. మంచి తాబేలు దొరికితే మళ్ళీ అంటిద్దాం.”

“సార్, ఒక్కమాట, సార్! మనిషైతే చూడరా సార్? తాబేలునైతే చూస్తారా?” అని ఒడ్డంతా వినబడేలా అరిచింది కృపావతి. అవతల ఫోను పెట్టేసి అప్పటికే నిమిషమైంది.

ఆవిడ పడవ దిగి వెనక్కి తిరిగేసరికి చిన్నమ్మలు కదలకుండా నిలబడి ఉంది. చెంబులో నీళ్ళు ఇసకలోకి కారిపోతున్నాయి. జాన్ బాబు భార్య వంక చూడలేక సముద్రం వంక చూస్తున్నాడు. అన్నీ వినేసింది. వినకపోవడానికి కృపావతి గుసగుసలాడిందా? పుట్టి బుద్ధెరిగి ఫోనులో మెల్లగా మాట్లాడలేదు ఆవిడ.

“ఏటన్నారండి?” అంది చిన్నమ్మలు.

ఇంక దాచడానికేముంది? “ముప్పై ఒకటి దాకానే చూస్తారంట. తర్వాత చూడరంట. మనిషైతే చూడరంట చిన్నమ్మలూ.”

చిన్నమ్మలు ఏడుస్తుందనుకుంది. ఆఫీసుల్ని, దేవుణ్ణి, పైనున్నవాళ్ళని అందరినీ శపిస్తుందనుకుంది. అలా శపిస్తే తనూ గొంతు కలుపుదామని సిద్ధంగా కూడా ఉంది.

చిన్నమ్మలు ఆవిడ మీదే విసుక్కుంది.

“మరి మనిషని మీరెందుకు సెప్పేరండి? తాబేలనే ఉంచెయ్యలేకపోయేరా?”