ఎవరూ తీసుకోని కోర్సు

రెండో సెమిస్టరు కోర్సుల జాబితాలో పదకొండు పేర్లున్నాయి. ఒక్కో పేరు పక్కన ఎంతమంది చేరారో అంకె కనిపిస్తోంది. ఇరవై రెండు, పద్దెనిమిది, ముప్పై. ఆఖరి దాని పక్కన మాత్రం సున్నా. ఆ కోర్సు పేరు ‘విని రాయడం’. మిగతా వాటికి ఏం చెబుతారో పేరాలకు పేరాలు రాసి ఉంది. దీని కింద మాత్రం రెండే ముక్కలు: ‘బోధించేది దమయంతి. పాఠ్యపుస్తకం లేదు.’

భాగ్యశ్రీ ఫోన్‌లో ఆ వరుసను పైకీ కిందికీ జరిపి చూసింది. ఆమె ఎం.ఏ. ఇంగ్లీషు మొదటి సంవత్సరం. వాళ్ల ఇల్లు అశోక్‌నగర్ వెనక బస్తీలో. తల్లి మాసమ్మ, తండ్రి ఈదయ్య ఇరవై ఏళ్ల కిందట పాలమూరు వైపు నుంచి వచ్చి కట్టడం పనుల్లో కుదురుకున్నవాళ్లు. లెక్చరర్ పరీక్షకు పనికొచ్చే కోర్సులే తీసుకోవాలని భాగ్యశ్రీ ముందే అనుకుంది. అయినా ఆ సున్నా ఆమెను వదల్లేదు.

మర్నాడు నారాయణగూడలో బస్సెక్కి విశ్వవిద్యాలయానికి వెళ్లగానే డిపార్ట్‌మెంటు ఆఫీసులో రాజేశం ముందు నిలబడింది. రిజిస్ట్రేషన్లన్నీ చూసే గుమాస్తా ఆయనే.

“సార్, ఈ కోర్సు ఎవరూ ఎందుకు తీసుకుంటలేరు?”

“ప్రతి ఏడు పెడ్తరు, ప్రతి ఏడు కొట్టేస్తం,” అన్నాడు రాజేశం. “కనీసం ఐదుగురు రావాలె. శుక్రవారం నాలుగు గంటలకు రిజిస్ట్రేషన్ బంద్ అయితది. నేనొచ్చి ఆరేండ్లు, ఇది ఒక్కసారి గూడ నడువలే.”

“మరి మేడం ఎందుకు పెడ్తున్నరు?”

రాజేశం తల గోక్కున్నాడు. “గది నేనెన్నడు అడగలే. నువ్వే అడుగు. నాగ్గూడ చెప్పు.”

దమయంతి గదిలో గోడ పొడుగునా పుస్తకాలు. ఆమె బర్కత్‌పురలో పుట్టి పెరిగిన మనిషి, యాభై దాటి ఉంటాయి. మెల్లగా మాట్లాడుతుంది. భాగ్యశ్రీ చెప్పిందంతా విని అడిగింది.

“చేరుదామని వచ్చినవా, తెలుసుకుందామని వచ్చినవా?”

“సున్నా చూసి వచ్చిన, మేడం.”

దమయంతి నవ్వింది. “సరే. రేపు ఎక్కడన్నా ఒక గంట నిలబడి మనుషులు మాట్లాడేది విను. తర్వాత ఒక పేజీ ఇంగ్లీషుల రాయి. రాసినంక నీకు కోపమొస్తే కోర్సుల చేరు. రాకపోతే వద్దు.”

“కోపం ఎందుకొస్తది మేడం?”

“రాసి చూడు.”

ఆ మాటకు అడగాలనుకున్నది మరిచిపోయి బయటికొచ్చింది భాగ్యశ్రీ. ఎక్కడ నిలబడాలన్నది ఆలోచించాల్సిన పని లేకపోయింది. రోజూ పొద్దున బస్సు కిటికీలోంచి చూసే చోటే ఉంది: చౌరస్తాలో పని కోసం కూలీలు పొద్దున్నే చేరే అడ్డా. అమ్మ నిలబడేది అక్కడే. ఆ పక్కకు రావద్దని చిన్నప్పుడే చెప్పింది.

“నీకేం పని ఆడ?” అంది మాసమ్మ టిఫిన్ డబ్బా సర్దుకుంటూ.

“వినేది ఉంది.”

“మా మాటలా? గా మాటలల్ల ఏముంటదే?” అంది గానీ వద్దనలేదు.

అడ్డా మీద నలభై మంది దాకా ఉన్నారు. మూసి ఉన్న దుకాణం షట్టరు ముందు ఆడవాళ్లు. ఇంట్లో నాలుగు మాటలతో సరిపెట్టే మాసమ్మ ఇక్కడ గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతోంది, నవ్విస్తోంది. కూలీల కోసం ఒక బైకు వచ్చి ఆగింది. ఆమె కదల్లేదు. ఇంకోటి ఆగకముందే నలుగురిని లేపి ముందుకు తోసింది. వాళ్లకు పని దొరికింది.

“నీకెట్ల తెలుస్తదమ్మా?”

“పని ఉన్నోడు బండి మీదికెల్లే ఎంతమంది గావాల్నో చెప్తడు. బండి దిగి మా చుట్టు తిరిగేటోనికి ఇంకా ఏం తెల్వదు. మమ్మల్ని చూసి సోంచాయిస్తడు.”

తొమ్మిదిన్నరకు అడ్డా పలచబడింది. ఆ రోజు మాసమ్మకు పని దొరకలేదు. రోజూ ఆమె పక్కన నిలబడే రామమ్మకూ అంతే. రామమ్మ డబ్బా చంకన పెట్టుకుని ఇంటిదారి పడుతూ ఫోన్‌లో ఎవరితోనో అంది: “ఇయ్యాల నిలబడొచ్చిన.”

ఆ మాట భాగ్యశ్రీ ఇంట్లో ఎన్నోసార్లు విన్నది. చెవిన పడటమే తప్ప పట్టించుకున్నది లేదు.

మధ్యాహ్నం చిక్కడపల్లి లైబ్రరీ ఆవరణలో కూర్చుని రాసింది. చుట్టూ పోటీ పరీక్షలకు చదివే పిల్లలు. పేజీ సాఫీగానే సాగింది, రామమ్మ మాట దగ్గర ఆగిపోయింది. ‘నాకు ఈ రోజు పని దొరకలేదు’ అని ఇంగ్లీషులో రాసి కొట్టేసింది. రామమ్మ పని అనే మాటే అనలేదు. లేదు అని కూడా అనలేదు. తను చేసిందేమిటో అది చెప్పింది: నిలబడింది, వచ్చింది. ‘వృథాగా ఎదురుచూశాను’ అని రాసి అదీ కొట్టేసింది. రామమ్మ అలా మాట్లాడే మనిషే కాదు. చివరికి ‘ఐ స్టుడ్ అండ్ కేమ్ బ్యాక్’ అని రాసి, ఇది ఇంగ్లీషేనా అని చాలాసేపు చూసింది. కోపం వచ్చింది. ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

గురువారం సాయంత్రం డిపార్ట్‌మెంటు సాహిత్య క్లబ్బు సమావేశం. విద్యార్థులు తాము రాసింది చదివి వినిపిస్తారు. కిందటి సెమిస్టరంతా ఆఖరి బెంచీలో కూర్చున్న భాగ్యశ్రీ ఆ రోజు లేచి తన పేజీ చదివింది.

క్లబ్బు కార్యదర్శి సంజన హిమాయత్‌నగర్ అమ్మాయి. చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషులోనే చదువుకుంది.

“మంచిగుంది. కాని ఆ ఒక్క వాక్యం ఇంగ్లీషు కాదు,” అంది. “తెలుగును తెచ్చి పెట్టినవ్. చదివేవాళ్లకు ఏం అర్థమైతది?”

“నువ్వయితే ఎట్ల రాస్తవ్?”

“నో వర్క్ టుడే. అంతే.”

“రామమ్మ అన్నదాంట్ల ‘నో’ లేదు.”

సంజన పెన్ను తీసింది. నోటుబుక్కులో ఏదో రాసి కొట్టేసింది.

అప్పుడు వెనక నుంచి హర్ష మాట్లాడాడు. రెండో సంవత్సరం వాడు. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాడు. క్లబ్బులో అతని గొంతు ఎవరూ విన్నది లేదు. “మా రూముల గూడ గదే అనాలె. పరీక్ష రాసొచ్చిన అంటం. నిజం చెప్పాల్నంటే నాలుగేండ్ల సంది నిలబడొస్తున్నం.”

తర్వాత ఒకరు బైకుల సంగతి మళ్లీ చెప్పమన్నారు. ఇంకొకరు మేస్త్రీలు ఏమని పిలుస్తారని అడిగారు. ప్రశ్నలు గంటసేపు నడిచాయి. ఇదంతా ఏ కోర్సులో నేర్పుతారని ఒకమ్మాయి అడిగితే భాగ్యశ్రీ ఆ పదకొండో పేరు చెప్పింది.

శుక్రవారం మధ్యాహ్నానికి ఆమెతో కలిపి నాలుగు పేర్లయ్యాయి. హర్ష తీసుకోగల కోర్సుల లెక్క అప్పటికే నిండిపోయింది, చేరడానికి లేదు. “ఊరికే కూసోనిస్తరేమో మేడంను అడుగు,” అన్నాడు. మూడున్నరకూ అంకె నాలుగే. భాగ్యశ్రీ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుంది. రాజేశం రెండుసార్లు బయటికొచ్చి చూసి లోపలికి వెళ్లాడు.

పది నిమిషాలుందనగా సంజన మెట్లు దిగి వచ్చింది.

“నిన్నటి సంది ఆ వాక్యం తొమ్మిది తీర్ల రాసిన. నాదీ కుదురుతలేదు, నీదీ కుదురుతలేదు. నాకు మస్తు కోపంగ ఉంది.”

భాగ్యశ్రీకి నవ్వాగలేదు.

“ఏంది నవ్వుతున్నవ్?”

“ఏం లేదు. ఫోన్ తియ్యి.”

లోపల రాజేశం తెర మీద అంకె ఐదైంది. “ఈ ఏడు కొట్టేసే పని తప్పింది,” అన్నాడు. “ఇంతకు మేడంను అడిగినవా, ఎందుకు పెడ్తున్నరో?”

అడగలేదని అప్పుడు గుర్తొచ్చి భాగ్యశ్రీ మళ్లీ మెట్లెక్కింది. దమయంతి బ్యాగు సర్దుకుంటోంది. ప్రశ్న విని కుర్చీలో కూర్చుంది.

“నీ వయసుల నేనూ ఒక మాట విన్న. మా పక్కింటామె అన్నది. ఇంగ్లీషుల రాద్దామని కూసున్న, రాలే. ముప్పై ఏండ్లయింది. ఇంకెవరికన్న వస్తదేమోనని పెడ్తున్న.”

“ఏం మాట మేడం?”

“క్లాసుల చెప్త. ఒక్కదానివే వింటే ఎట్ల?”

ఇంటికొచ్చి అంతా చెబితే మాసమ్మ చివరిదాకా విని అడిగింది. “గా కొట్లాడిన పిల్ల ఎట్లుంటది? ఒకసారి తోలుకరా.”

సోమవారం పొద్దున ఏడింటికే భాగ్యశ్రీ వెంట సంజన అడ్డా మీదికొచ్చింది. మాసమ్మ జరిగి షట్టరు ముందు చోటిచ్చింది. సంజన కాసేపు అందరి వంకా చూసి, నోటుబుక్కు తెరవకుండానే అడిగింది.

“అమ్మా, ఇంతసేపు నిలబడ్తరు గద, బరువు ఏ కాలు మీద వేస్తరు?”

రామమ్మ నవ్వింది. మాసమ్మ తన కాళ్ల వంక చూసుకుంది. “ఎడమ కాలే అనుకుంట,” అంది. కాదు, కుడికాలని రామమ్మ అంది. ఇంకో ఇద్దరు కలిశారు. ఇన్నేళ్లలో అమ్మను ఈ మాట తనెందుకు అడగలేదో భాగ్యశ్రీకి తెలియలేదు. ఆమె కూడా వంగి, వరుసగా నిలబడ్డ ఆ పాదాల వైపు చూడసాగింది.