బావ బరువు

నాలుగో ఇసుక సంచిని కూడా డ్రైవరు సీట్లో సర్ది, మీదుగా బెల్టు లాగి బిగించాడు దారం మేస్త్రి. ఒక చిన్న సంచి మిగిలితే దాన్ని పెద్ద సంచుల ఒడిలో పెట్టాడు. ఎర్ర కారు ఆ పక్కకు కాస్త దిగి నిలబడింది. అప్పుడతను బండికి రెండు పక్కలా స్టాండ్ల మధ్య తెల్ల దారం లాగి కట్టి, స్కేలు తీసుకుని, మోకాళ్ళ మీద వెనక చక్రం దగ్గరకు జరిగాడు.

అతని అసలు పేరు ఆ గ్యారేజీలో ఎవరికీ గుర్తులేదు. చక్రాల వంకర చూడడానికి అందరూ కంప్యూటర్లు పెట్టుకున్నా, అతను మాత్రం దారం కట్టి కొలుస్తాడు. మనిషి కూడా దారంలాగే సన్నగా, పొడుగ్గా ఉంటాడు. గాలొస్తే పట్టుకోవాలని వెనకాల నవ్వుతారు. ఇన్నేళ్ళలో చొక్కాలు మారాయి గానీ వాటి నీలం రంగు మారలేదు. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగితే "కుదర్లేదు" అంటాడు. కుదర్చడానికి అక్కా బావా తిరగని గడప లేదు.

ఆ బావే ఇప్పుడు గోడవార స్టూలు మీద కూర్చుని అతని పని చూస్తున్నాడు. బావ దర్జీ. తల్లి పోయాక, నిక్కర్లేసుకునే తమ్ముణ్ణి వెంటబెట్టుకునే అక్క కాపురానికి వచ్చింది. "పెళ్ళికూతురితో పాటు బావమరిది ఉచితం" అని బావ ఇప్పటికీ పదిమందిలో చెబుతాడు. మొదట మిషను మీద కూర్చోబెట్టి చూశాడు. కుర్రాడు వేసిన కుట్టు పాములా పోయేది. కానీ ఎదుటివాడి కుట్టు ఎక్కడ వంకరపోయిందో దూరం నుంచే చెప్పేసేవాడు. "వీడికి కుట్టడం రాదు, వంకర పట్టుకోవడం వచ్చు" అని బావే తీసుకొచ్చి ఈ షెడ్డులో పెట్టాడు. ఈ తెల్ల దారం కూడా బావ కొట్లోదే.

ఎర్ర కారు బావది. రెండు సీట్లది, వెనక చక్రాలతో నడిచేది, చేత్తో గేర్లు మార్చేది. తుక్కు కింద పోవాల్సినదాన్ని కొని, బావా బావమరుదులిద్దరూ సెలవు రోజులన్నీ ధారపోసి బతికించారు. దర్జీకి రేసు కారెందుకయ్యా అని అందరూ నవ్వితే, "అందరి కొలతలూ నేను తీస్తాను. నా కొలతకి సరిపోయింది ఇదొక్కటే" అన్నాడు బావ.

అలాంటి తేలిక బండికి మనిషి ఎక్కితే ఒక తీరు, దిగితే ఒక తీరు. అందుకని తోలే మనిషిని కూర్చోబెట్టే చక్రాలు సరిచూడాలి. మొదటిసారి గంటల తరబడి కూర్చోలేక బావ గోల పెట్టాడు. మర్నాడు ప్యాంటు గుడ్డల ముక్కలతో సంచులు కుట్టి, తన బరువుకు సరిపడా ఇసుక నింపి తెచ్చాడు. "నా బదులు వీటిని కూర్చోబెట్టుకో. కబుర్లు చెప్పవు, టీ అడగవు" అన్నాడు. అప్పట్నుంచీ వాటికి షెడ్డులో 'బావ బరువు' అని పేరు.

"ఏరా బావమరిదీ, నీ రెండో అక్కకి తిక్క రేగిందిరా" అన్నాడు పొద్దున బండి దిగుతూనే. కారును ఎప్పుడూ అలాగే అంటాడు. "స్టీరింగు ముట్టుకుంటే ఉలిక్కిపడుతోంది. నేను తుమ్మితే అది పక్క లైన్లోకి పోతోంది."

"తుమ్మకుండా తోలు."

"ఈ మాట చెప్పడానికేనా నిన్ను పనిలో పెట్టింది?"

దారం నవ్వుతూ మొదలుపెట్టాడు. టైర్లలో గాలి చూశాడు, సరిగ్గానే ఉంది. బండి కింది గుంటలోకి దిగి స్టీరింగు కడ్డీల కీళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని ఊపాడు. బేరింగులు వదులవలేదు, రబ్బరు బుష్షులు పగల్లేదు. చివరికి ఇప్పుడు, సంచులు కూర్చోబెట్టి కొలిస్తే, నాలుగు చక్రాలూ తను ఏడాది కింద పెట్టినచోటే ఉన్నాయి. వెంట్రుకవాసి తేడా లేదు.

సంచులు దించి తనే తోలి చూశాడు. బండి పేట్రేగిపోయింది. మలుపులో కాస్త యాక్సిలరేటరు తొక్కితే వెనకభాగం పక్కకు జారబోయేది, సర్దబోతే రెండింతలు తిరిగేది. కానీ దాంట్లో అతనికి కొత్తేమీ కనిపించలేదు. ఈ బండి అతని చేతిలో ఎప్పుడూ ఇంతే. బక్కవాడినని నన్ను లెక్క చేయదు అని తనే అనేవాడు, బావ చేతిలోనేమో గంగిగోవులా నడిచేది. షెడ్డు ముందుకొచ్చి బండి ఆపాక, అతని చేతులు స్టీరింగు మీదే ఉండిపోయాయి. పొద్దున బావ చెప్పిన ఫిర్యాదు మాట మాటకూ తనది. బక్కవాడి ఫిర్యాదు.

"బావా, ఒకసారి నువ్వే కూర్చో."

"సంచులకి పని లేకుండా చేస్తావేంట్రా" అంటూనే బావ వచ్చి కూర్చున్నాడు.

దారం మళ్ళీ స్కేలు పెట్టాడు. డ్రైవరు పక్క దిగాల్సినంత దిగలేదు. వెనక చక్రం కొద్దిగా, చాలా కొద్దిగా, బయటికి చూస్తోంది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ కొలిచాడు. అంతే వచ్చింది.

"బావా, ఎంత తగ్గావు?"

"రోజూ నడుస్తున్నానుగా."

దారం లేచి కిటికీలోంచి బావ భుజం మీద చెయ్యి వేశాడు. బావ ఒంటి మీద బట్ట ఏనాడూ ముడతపడి ఎరగదు. ఇవాళా అతికినట్టే ఉంది కోటు. కానీ వేళ్ళు మెత్తగా లోపలికి దిగిపోయాయి.

"దూదా?"

బావ అద్దంలోంచి రోడ్డు వైపు చూశాడు. "చొక్కాలన్నీ లోపలికి పట్టుకున్నాను. ప్యాంట్లూ అంతే. నెలకోసారి మళ్ళీ విప్పి మళ్ళీ కుట్టుకున్నాను. పక్కనే పడుకునే మీ అక్క కూడా కనిపెట్టలేదు, నడకవల్ల కుర్రాడివయ్యావంటుంది. ఈ నీ రెండో అక్క చాడీలు చెబుతుందని అనుకోలేదురా."

"డాక్టరు ఏమన్నాడు?"

"కొలతలు తీశాడు. గుడ్డ చాలదన్నాడు."

దారానికి ఏడుపొచ్చింది. దానికంటే ముందు కోపమొచ్చింది. "అక్కకి చెప్పవా?"

"ఆదివారం చెప్తాను. బండి మొదటిసారి కదిలిన రోజు మీ అక్కని కొండ మీదికి తీసుకెళ్ళాను, గుర్తుందా? మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళి చెప్తాను. ముందే తెలిస్తే తను బండి ఎక్కదు, నన్నూ ఎక్కనివ్వదు. ఆ మలుపుల్లో ఇది ఉలిక్కిపడకూడదు. పక్కన మీ అక్క ఉంటుంది. అంతేరా నాకు కావాల్సింది."

అక్క దగ్గర దారం దాచింది జన్మలో ఒక్కటీ లేదు. బండి బాగుచేయనంటే బావ ఆగిపోతాడు, ఇంటికెళ్ళి ఇవాళే చెప్పాల్సి వస్తుంది. చేస్తే ఈ దాపరికంలో తనకూ వాటా ఉంటుంది. తల వంచుకుని చాలాసేపు స్కేలు మీది గీతలు చూశాడు. అమ్మ పోయిన తనను ఇంట్లో పెట్టుకుని పెంచిన మనిషి, ఇన్నేళ్ళలో మొదటిసారి ఒకటి అడిగాడు.

"కోపంగా ఉందా?" అన్నాడు బావ.

"ఉంది."

"ఉండనీ. చెయ్యి మాత్రం వణకనీకు."

బావను దించి సంచుల్ని మళ్ళీ ఎక్కించాడు. ఒక పెద్ద సంచి, చిన్న సంచి తీసేశాక గానీ చక్రం బావ కూర్చున్నప్పుడు నిలిచినచోట నిలవలేదు. అవి రెండూ గోడవార పెట్టాడు. ఇన్ని నెలలుగా బావలోంచి పోయింది అంతానూ అక్కడ నేల మీద ఉంది. అటు చూడకుండా స్పానరు అందుకోబోయాడు.

"ఆగు. ఇంకో నాలుగు గుప్పెళ్ళు తీసెయ్" అన్నాడు బావ.

"ఎందుకు?"

"ఎదిగే పిల్లలకి కుట్టేటప్పుడు లోపల గుడ్డ వదులుతాం కదరా, పెరిగే లెక్కకి. నాకు తరిగే లెక్క వదులు. ఆదివారానికి ఇంకా రోజులున్నాయి."

బావే ఒక సంచి మూతి విప్పి, ఇసుక తీసి డబ్బాలో పోశాడు. కోటు లోపలి మడతలోంచి దారం ఎక్కించి ఉన్న సూది తీసి, సంచి ఒళ్ళో పెట్టుకుని కుట్టడం మొదలుపెట్టాడు. దగ్గర దగ్గరగా, గీత గీసినట్టు పడింది కుట్టు. సగానికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

"కళ్ళు లాగుతున్నాయి. నిలబెడితే ఇసుక కారదులే. మిగతాది మళ్ళీ వచ్చినప్పుడు కుడతాను" అని సూదిని గుడ్డకే గుచ్చాడు.

పొద్దు వాలేదాకా దారం చక్రాలు సరిచేశాడు. బావ ఒక చుట్టు తిరిగొచ్చి, కిటికీలోంచి బొటనవేలు పైకెత్తి చూపించి వెళ్ళిపోయాడు. అక్క ఇద్దరికని పంపిన అన్నం డబ్బాలో బావ వాటా అలాగే ఉంది. అంతలో అక్క ఫోను.

"బండికి ఏమైందిరా?"

"వెనక చక్రం కాస్త వంకర. సరిచేశాను."

"మీ బావ తిన్నాడా?"

"తిన్నాడక్కా."

అక్కకు అతను చెప్పిన మొదటి అబద్ధం అదే. ఫోను పెట్టేసి గుంటలోకి దిగి, ఎవరూ చూడకుండా ఏడ్చాడు.

ఆదివారం వాళ్ళు కొండ మీదికి వెళ్ళొచ్చారు. మర్నాడు అక్క షెడ్డుకు వచ్చింది. "నీకు తెలుసా?" అంది. తలూపాడు. తిడుతుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు. "బండి మాత్రం గీత గీసినట్టు నడిచిందిరా" అని మొహం చేతుల్లో దాచుకుంది.

చలి తగ్గకముందే బావ పోయాడు. కారు ఇంటి ముందు కనిపిస్తుంటే చూడలేకపోతున్నాను, తీసుకుపోరా అంది అక్క. దారం వెళ్ళి స్టార్టు చేసి, పాత అలవాటుకొద్దీ స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. అవసరం లేకపోయింది. మలుపులో యాక్సిలరేటరు తొక్కాడు. బండి జారలేదు, బెదరలేదు, అతను అనుకున్న చోటికి అనుకున్నంతే తిరిగింది. ఆదివారం నాటి బావ బరువూ తన బరువూ ఒకటేనని అప్పుడు తెలిసింది. జన్మలో మొదటిసారి ఆ బండి అతనికి లొంగింది. ఇంత తేలికైపోయావా బావా అనుకుంటూ, కళ్ళు కనబడక రోడ్డు పక్కన ఆపేశాడు.

షెడ్డులో, అలమర కింది అరలో, సంచులు వరసగా ఉన్నాయి. సగం దాకా కుట్టిన సంచి మూతికి గుచ్చిన సూదిలో జానెడు తెల్ల దారం ఇంకా వేలాడుతూనే ఉంది.