ముడి వెయ్యని కుట్టు

తెల్లారేసరికి ఆకాశం, పిండకుండా ఆరేసిన దుప్పటిలా బరువుగా కిందికి జారి ఉంది. కురవదు, తెరిపివ్వదు. సంచులు కుట్టే మేస్త్రీ షట్టరెత్తి, మిషను మీది గుడ్డ తీసి, సూదిలో దారం ఎక్కిస్తుంటే బావమరిది వచ్చాడు. భుజాన నల్ల క్యాన్వాసు సంచి.

మేస్త్రీ భార్య కాపురానికి వస్తూ చంకనేసుకొచ్చిన తమ్ముడు వాడు. తల్లీ తండ్రీ లేరు. చదువు అబ్బకపోతే మేస్త్రీయే పని నేర్పాడు. ఈమధ్య వేరే గది తీసుకున్నాడు. కొత్త స్నేహాలు, మాట తక్కువ.

"బావా, ఇది బస్టాండులో ఒకాయనకి ఇచ్చిరావాలి. నాకు ఒంట్లో బాలేదు."

"ఒంట్లో బాలేకపోతే మందు వేసుకోవాలి గానీ, బావ మీద మూట వేస్తారట్రా? ఏముంది ఇందులో?"

"పుస్తకాలు. మనిషి కనపడకపోతే పెద్ద హాల్లో బెంచీ కింద పెట్టి వచ్చెయ్. ఆలస్యం చెయ్యకు."

బావమరిది నవ్వాడు. నవ్వు మూతి దాటి కళ్లదాకా రాలేదు. నిద్రపోయే బిడ్డని దించినట్టు సంచిని బల్ల మీద దించి వెళ్లిపోయాడు.

మేస్త్రీ సంచి తగిలించుకుని గుమ్మం దాటబోతూ ఆగాడు. అడుగు కుట్టు చివర దారం వేలాడుతోంది. వాడి పనే. "నీ కుట్టు మీ అక్క కబుర్ల లాంటిదిరా, మొదలుంటుంది గానీ ముడి ఉండదు" అని ఎన్నిసార్లు తిట్టాడో. దారం వేలాడే సంచి ఆ కొట్టులోంచి బయటికి పోదు. వెనక్కి తెచ్చి, ముడి వేద్దామని చివర పట్టుకుంటే కుట్టంతా సర్రున ఊడొచ్చింది. లోపల ఇంకో అడుగు. దాని కింద తీగలు, టేపు చుట్టిన డబ్బా, నడుస్తున్న గడియారం.

కేక వెయ్యలేదు. పక్క కొట్లవాళ్లని రెక్కలు పట్టుకుని బయటికి లాగి, వీధి చివర నిలబడి పోలీసులకు ఫోను చేశాడు. వాళ్ల మనుషులు వచ్చి ఆ బాంబుని పేలకుండా చేశారు.

"ఎవరిచ్చారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

బస్టాండు హాల్లో బెంచీలు, వాటి మీద పిల్లల్ని ఒళ్లో వేసుకుని కూర్చునే ఆడవాళ్లు మేస్త్రీ కళ్లముందు మెదిలారు.

"మా బావమరిది. వాడికి తెలిసుండదు సార్. ఎవరో మాయ చేసి చేతిలో పెట్టుంటారు."

మధ్యాహ్నానికి వాణ్ణి పట్టుకున్నారు. వాడి కొత్త స్నేహితులూ దొరికారు. సాయంత్రం ఇంటికి నడిచొస్తూ కూడా మేస్త్రీ ఆ ఒక్క మాటే లోపల తిప్పుకుంటున్నాడు, వాడికి తెలిసుండదు అని.

భార్య పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది. ఇటు తిరక్కుండానే అంది.

"పొద్దున్నే మీరు కొట్టుకెళ్లాక వాడొచ్చాడండీ. ఇవాళ బస్టాండు వైపు పోవద్దక్కా అన్నాడు. ఎందుకురా అంటే, వానొచ్చేలా ఉంది తడుస్తావన్నాడు. ఎంత ప్రేమో అనుకున్నాను."

మేస్త్రీ గోడకి చేరబడ్డాడు.

"నా గురించేమన్నా అన్నాడా?"

ఆవిడ ఎలాగైనా ఒక మాట గుర్తు తెచ్చుకోవాలని చూసింది.

"లేదు."

లేచి కంచాలు పెట్టింది. అన్నం వడ్డించింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. కూరలో ఉప్పు పడలేదు. ఆ సంగతి ఆయనా అనలేదు, ఆవిడా అనలేదు.