గ్రాఫిక్స్ కార్డు ఖాయమైంది

మా నాయన తిరుమలయ్యకు చెవులు బాగానే ఉండాయి. లేనిది వినే ఓపిక. ఎదుటోడు సగం మాట చెప్పేలోపల మిగిలిన సగం ఆయనే అల్లుకుంటాడు. కర్నూల్లో మాది స్టీలు సామాన్ల అంగడి. బిందెల మోతలో పెరిగినోణ్ణి గాబట్టి నేను మాత్రం ప్రతి మాటా రెండుసార్లు అడిగి తెలుసుకుంటా. ఇంత జాగ్రత్త గల నాకు పెండ్లి ఎట్ల ఖాయమైందో చెప్తే మీరు నమ్మరు.

నా పేరు కిరణ్‌కుమార్. ముప్పై దాటి శానా దినాలైంది. అంగడి పైన ఒక గది ఖాళీగా ఉంటే, దాన్ని సినిమా హాలు మాదిరి చేసుకోవాలని నా పిచ్చి. గోడకు పెద్ద టీవీ, మూలలకు స్పీకర్లు, సినిమాలకూ గేములకూ కలిపి ఒకే కంప్యూటరు. దాన్ని నా చేతుల్తోనే బిగించినా. అన్నీ వచ్చినాయి, గ్రాఫిక్స్ కార్డు తప్ప. నేను కొన్న ప్రాసెసరుకు కార్డు తోడు లేకుంటే టీవీలో బొమ్మే రాదు. స్విచ్చేస్తే లోపల ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, తెర మాత్రం నల్లగా ఉంటాది. "ఇంత దుడ్లు పోసి గాలి కోసం కొంటివా?" అని మా అమ్మ పుల్లమ్మ అడగని దినం లేదు.

అట్లుండగా కడపలో ఒక సంబంధం చూడను పోయినాం. పిల్ల పేరు ఉదయశ్రీ. పెద్దోళ్లు మమ్మల్ని మాట్లాడుకోమని మిద్దె మిందికి పంపినారు. ఏం మాట్లాడాలో తెలీక నా కంప్యూటరు సంగతి చెప్పినా, నవ్వుతాదనుకొని. ఆ పిల్ల నవ్వల్యా. "కార్డు ఏది?" అని అడిగింది. తమ్ముడు కంప్యూటరు ఎత్తుకొని బెంగుళూరు పోయినప్పటినుంచి గేములు ఆడక చేతులు దురద పెడతాండాయంట. అయిపోయింది, నేను ఆడనే పడిపోయినా.

సంబంధం గురించి మాత్రం "ఆలోచించి చెప్తా" అనింది. ఆ ఆలోచన తెగదు. కార్డుల మింద మెసేజీలు మాత్రం పొద్దూమాపూ వస్తాండాయి. నేను చూసినవి రెండు. ఒకటి చిన్నది, సద్దు చెయ్యదు, సినిమాలకు చాలు. ఇంకొకటి మూడు ఫ్యాన్లది, బండెడుంటాది, గేములకు బలం. సినిమాలో గుసగుసలు వచ్చేటప్పుడు ఫ్యాన్ల మోత వస్తే ఏం బాగుంటాదని నా బాధ. "మన ఎండలకు చిన్నది ఉడికిపోతాదండీ. పెద్దది తీసుకోండి. సినిమా దానికి పెద్ద పని కాదు, ఫ్యాన్లు నిదానంగా తిరుగుతాయి, సద్దే ఉండదు" అని రాసింది. నాకంటే బాగా తెలుసు ఆ పిల్లకు. అన్నీ చెప్తాది, నాకు కావాల్సిన ఒక్క 'ఊ' మాత్రం చెప్పదు. నన్ను మొగుణ్ణి చేసుకుంటాదా, కార్డులు చూసే స్నేహితుణ్ణి చేసి పెడతాదా అని నాకు అన్నం దిగేది కాదు.

ఈడ ఒక సంగతి చెప్పాల. మా అంగడి ఎదురుగా లక్ష్మన్నది ఒక అంగడి ఉండాది, బోర్డు మింద 'లక్ష్మన్న గ్రాఫిక్స్' అని. ఫ్లెక్సీలు, పెండ్లికార్డులు కొడతాడు. మా నాయనకు తెలిసిన గ్రాఫిక్స్ అదొక్కటే. నాకు ఆ సంగతి ఆ పొద్దు తట్టి ఉంటే ఈ కథే లేదు.

"ఏంరా, పొద్దన్నుంచి ఫోన్లో తల దూర్చినావు?" అన్నాడు నాయన గల్లాపెట్టె కాడ కూచొని.

"గ్రాఫిక్స్ కార్డు చూస్తాండా నాయనా."

నాయన మొగం వెలిగిపోయింది. "ఎట్లాంటివి చూసినావు?"

"రెండు నచ్చినాయి. ఒకటి చిన్నది, సాదాగా ఉండాది. ఇంకొకటి మందంగా, మెరుస్తాంటాది."

"మెరిసేదే తీసుకో. సాదాది చూస్తే జనం ఏమనుకుంటారు?"

"జనానికి యాడ కనపడతాది నాయనా, లోపల ఉండేది గదా."

"కవరు తీసి చూడరా ఏంది?"

మా స్నేహితులు కంప్యూటరు మూత తీసి చూసే మాట నిజమే. నాయనకు ఇంత తెలుసా అని ఆశ్చర్యపోయినా.

"పిల్లకు చూపించినావా?"

"ఆమె గూడ పెద్దదే బాగుందనింది."

నాయన కండ్లు తుడుచుకున్నాడు. ఎంతవుతాదని అడిగితే నలభై వేలని భయపడతా చెప్పినా. చెంచా కొనేటోని కాడ గూడ రూపాయి వదలని మనిషి, "కానీలే నాయనా, జన్మకొక్కసారి" అన్నాడు. నా తండ్రి నన్ను ఇన్నేండ్లకు అర్థం చేసుకున్నాడని పొంగిపోయినా.

నేను భోంచేయను పోతానే కడపకు ఫోన్ చేసినాడంట. "బావగారూ, మావోడు గ్రాఫిక్స్ కార్డు గూడ చూసేసినాడు. మీ పిల్లకూ నచ్చిందంట!" ఉదయశ్రీ వాళ్ల నాయన బిత్తరపోయి కూతుర్ని పిలిచి, "ఏమ్మా, కర్నూలు అబ్బాయి చూసిన కార్డు నీకు నచ్చిందా?" అని అడిగినాడు. "నచ్చింది నాయనా, నేను చెప్పిందే గదా" అనింది ఆ పిల్ల. ఆ ఇంట్లో అది చాలింది. చక్కెర పంచుకున్నారు. మా నాయన రోడ్డు దాటిపోయి లక్ష్మన్న చేతిలో నలభై వేలూ పోసి వచ్చినాడు.

లక్ష్మన్న సాయంత్రం పెండ్లికార్డుల బొత్తి ఒకటి పట్టుకొని వచ్చి, "ఏమప్పా పెండ్లికొడకా, నీ పేరు బంగారు అక్షరాల్లో కొట్టాల్నా, ఎర్రటివా?" అన్నాడు.

"ఎవరి పెండ్లి?" అన్నా.

"నీదే గదరా!" అన్నాడు నాయన. "కార్డు నువ్వే గద చూస్తివి!"

"అయ్యో, అది కంప్యూటర్లో పెట్టే కార్డు!"

"కంప్యూటర్లో పెండ్లికార్డు ఏంటికి పెడతావురా?"

"వాట్సప్‌లో పంపేదానికేమోలే అన్నా" అని లక్ష్మన్న సర్ది చెప్పినాడు. నేను నెత్తి కొట్టుకున్నా. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది, నవ్వుకునేదానికి.

కోపం తగ్గినాక భయం పట్టుకుంది. నేను ఆ పిల్లను బోనులో పెట్టినట్లైంది. ఆమె ఔనన్నది ఒక రేకుముక్కకు, ఈడ ముహూర్తం పెట్టేస్తాండారు. నిజం చెప్తే సంబంధం పోతాది. చెప్పకుంటే నేను మనిషినే కాదు. పైకి పోయి ఆ నల్ల తెర ముందర కూచొని ఫోన్ చేసినా.

"ఏమండీ, పెద్ద పొరపాటు జరిగింది. మీరు ఔనన్నది కార్డుకని నాకు తెలుసు. మీ నాయనకు నేనే చెప్తా, మాట నా మింద వేసుకుంటా. మీరేం భయపడద్దండి."

"చెప్పద్దు" అనింది.

"ఏంటికి?"

"మా అమ్మ నా నోట్లో చక్కెర పోసినప్పుడే నాకు అర్థమైంది. అప్పుడే చెప్పచ్చు గదా నేను. చెప్పల్యా."

"మరి ఇన్ని దినాలు ఔననకుండా ఏంటికి చంపినారు నన్ను?"

"ఔనంటే చీరలు, నగలు అని పెద్దోళ్లు మింద పడతారు. మనం మాట్లాడుకునేది ఏం మిగుల్తాది? ఇంకొన్ని దినాలు కార్డు చూద్దామనుకున్నా."

పెండ్లి బాగానే జరిగింది. కార్డును అందరూ మెచ్చుకున్నారు, కవరు తీసి మరీ చూసినారు. నా గ్రాఫిక్స్ కార్డు సంగతి ఎత్తితే మాత్రం నాయన, "ఒక్క కార్డుకు ఒప్పుకున్నా, అది అయిపోయింది" అని గిన్నెలు తుడుచుకుంటాడు.

ఉదయశ్రీ కాపురానికి వచ్చినాక మొదట చూసింది పైగదే. కంప్యూటరు మూత తీసి, ఖాళీగా ఉన్న చోటు చూసి, పెట్టెలోనుంచి మా పెండ్లికార్డు తీసి ఆడ నిలబెట్టింది. "మనం ఖాయం చేసింది ఇదే గదా" అని స్విచ్చేసింది. ఫ్యాన్లు తిరిగినాయి, లైట్లకు బంగారు అక్షరాలు తళతళమన్నాయి. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చినాయి.

ఆ సద్దుకు నాయన పైకి వచ్చి, కుర్చీలో కూచొని, నల్ల తెర వైపు ఓపిగ్గా చూసినాడు.

"కార్డు బ్రమ్మాండంగా ఉండాది. బొమ్మ ఎప్పుడొస్తాది?"

"ఇంకొక కార్డు కావాల మామా, అప్పుడొస్తాది" అనింది ఉదయశ్రీ.

నాయన లేచి నిలబడినాడు. "ఇంకొక కార్డా? అప్పుడే బారసాలా! పుల్లమ్మా!" అని అరుచుకుంటా మెట్లు దిగి పోయినాడు. మేము ఆపేలోపలే కింద మా అమ్మ చక్కెర డబ్బా మూత తీసిన సద్దు వినపడింది.